రైట్

ఇరవై రెండేళ్లు నీ ముఖం సరిగ్గా చూడలేదు, కూర్మినాయుడూ.
నాకు నువ్వు వెనకనుంచి వచ్చే గొంతువి.
పర్లాకిమిడి నుంచి కాశీనగర్, కాశీనగర్ నుంచి గుణుపురం,
తెలుగులో ఎక్కించి ఒడియాలో దించేవాడివి,
సవర ముసలమ్మల అల్లం బస్తాలకి సవరలోనే బేరమాడేవాడివి.
అద్దంలో నీ ఖాకీ జేబు, చెవి మీద పెన్సిలు, అంతే.
ముఖం ఇప్పుడు చూస్తున్నాను,
మీ అరుగు మీద ఎదురెదురుగా కూర్చుని.
ఎడమ పక్క నవ్వుతోంది.
కుడి పక్కకి కబురింకా అందలేదు.

బరంపురం పెద్దాసుపత్రి నుంచి నిన్ను దించుకొచ్చిన నాడు
మూడు భాషల్లోనూ వెతికితే ఒక్క మాట దొరికింది.
అదీ మూడింటిలో ఏదీ కాదు.
"రైట్."
పడిపోయింది కుడి చెయ్యి, కుడి కాలు.
దేవుడికి ఇంగ్లీషొచ్చని అప్పుడు తెలిసింది,
వెటకారం కూడా.

గున్నమ్మొదిన నేర్చుకుంది ఆ భాష.
గట్టిగా అంటే గంజి వేడి.
రెండుసార్లంటే దుప్పటి.
సన్నగా సాగదీస్తే
గోడకి కట్టిన తాడు పట్టించి దొడ్డివైపు నడిపించాలి, తొందరగా.
తొలి నెలలో ఓసారి తప్పు విని దుప్పటి కప్పిందట.
ఇద్దరూ ఏడ్చారట. తర్వాత పంచె ఉతుకుతూ
ఒక్కతే నవ్విందట, ఎవరైనా చూస్తారేమోనని అటూ ఇటూ చూసి.

ఊళ్ల పేర్లు వరసగా చెప్పించమన్నాడు డాక్టరు.
"పర్లా..." అని నేనందిస్తాను.
నీ పెదవుల దగ్గర గుమిగూడతారు ఫుట్‌బోర్డు మీద జనంలా,
ఒక్కరూ లోపలికి జరగరు.

నిన్న ఫారం పట్టుకొచ్చింది సుభాషిణి పాణిగ్రాహి.
చొక్కా బొత్తాలు మీరే పెట్టుకుంటారా?
పోయిన వారం ఎన్నిసార్లు దిగులేసింది?
మొత్తం మీద మీ బతుకుకి, అయిదులో ఎన్ని?
ఆ పిల్ల ఒడియాలో అడుగుతోంది, నేను తెలుగు చేస్తున్నాను,
నీకు రెండూ తెలుస్తున్నాయని తెలిసీ.
కాంప్లెక్సు వైపు ఏదో హారన్ మోగింది.
అటు చెవి పెట్టి "రైట్" అన్నావు.
ఆ పిల్ల అయిదు వేసేసింది.

చెరిపెయ్యమన్నాను.
నాకు తెలుసు ఆ రైటు.
కాశీనగర్ దగ్గర వంశధార రోడ్డెక్కిన రాత్రి,
వెనక ముప్పైమంది, ముందు కనబడని తారు,
పోదామా, ఆగుదామా అంటే అన్న రైటది.
అయిదు కాదమ్మా, సున్నా అంతకన్నా కాదు,
చూసుకుంటూ పోనీమని.
ఫారం అటూ ఇటూ తిప్పింది. దానికి గడి లేదు.
వదినకీ లేదు. ఆవిడ నడుము, ఏడాదిగా చూడని పుట్టిల్లు,
రాత్రి మూడింటికి లేచి నీ ముక్కు దగ్గర వేలుపెట్టి చూడ్డం,
ఇవి ఎవరి ఫారంలో రాస్తారో నేనడగలేదు.
అడగాల్సింది.

కొత్త కుర్రాడు విజిలూదుతాడు. మంచివాడే.
విజిలుకి నా కాలు కూసింత ఆలస్యంగా కదుల్తుంది.

ఇవాళ ఆదివారం. షెడ్డు నుంచి బంకు దాకా ఖాళీ బండి.
నేనూ క్లీనరూ చేతుల మీద ఎక్కించాం నిన్ను.
మెట్టు దగ్గర జారిన చెప్పు చేత్తో పట్టుకుని వదినా ఎక్కింది,
కిటికీ పక్కన కూర్చుని బయటికి చూసింది, ఎన్నాళ్లకో.
నువ్వు వెనక తలుపు దగ్గర. ఎడమ చెయ్యి రేకు మీద.
తాళం తిప్పి ఊరుకున్నాను. అద్దంలోకి చూడలేదు.
చాలాసేపు ఏమీ రాలేదు.
క్లీనరేదో అనబోతే చెయ్యెత్తి ఆపాను.
డబ్. డబ్.
ఆ తర్వాత గొంతు.

బంకు అరకిలోమీటరు కూడా లేదు.
దించేటప్పుడు నీ చెవిలో
"టికెట్టు తీశావేటి?" అన్నాను.
మంచి చేత్తో మెడ మీద ఒక్కటిచ్చావు.
ఇంకా మంటగానే ఉంది.